తక్కువైతే తప్పు లేదు, పాడైతేనే తప్పు

సంపాదకులకు,

ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడితే చెన్నైలో వరద సాయం మూటలు గుర్తొస్తాయి. 2015లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ బట్టలు, బియ్యం, గిన్నెలు పోగుచేసి పంచారు. ఆ మూటల్లో ఏముండాలో తేల్చుకోవడానికి యూదుల పాత ధర్మశాస్త్రం బాగా పనికొస్తుంది.

గుడ్డిదాన్ని, కాలు విరిగినదాన్ని, గజ్జి పట్టినదాన్ని బలిపీఠం మీదికి తేవద్దని బైబిల్లోని లేవీయకాండం 22వ అధ్యాయం చెబుతుంది. ఇది చాలామందికి తెలుసు. దాంతోపాటు 5వ అధ్యాయమూ చదవాలి. గొర్రెను తేలేనివాడు రెండు గువ్వలో పావురపు పిల్లలో తెస్తే చాలు. అదీ చేతకాకపోతే ఏఫా అనే కొలతలో పదో వంతు, అంటే రెండు లీటర్ల పైచిలుకు గోధుమపిండి. ఎక్కువ తెచ్చినవాడూ తక్కువ తెచ్చినవాడూ ఒకటే, మనసు దేవుడి మీదుంటే చాలునన్న మాటతోనే యూదుల ధర్మగ్రంథమైన మిష్నాలో నైవేద్యాల గురించిన మెనహోత్ భాగం ముగుస్తుంది. కొంచెం ఇవ్వడం లోపం కాదన్నమాట. లోపమున్నది ఇవ్వడం వేరు.

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టొద్దని మన సామెత పుచ్చుకునేవాడికి చెబుతుంది. మలాకీ ప్రవక్త మాత్రం ఇచ్చేవాణ్ణే నిలదీస్తాడు: ఈ కుంటి పశువును నీ అధికారికి ఇచ్చి చూడు, సంతోషిస్తాడా? (కఠోపనిషత్తులో తండ్రి వట్టిపోయిన ఆవులను దానం చేస్తుంటే నచికేతుడు కలవరపడిందీ ఇందుకే.)

మూట కట్టేముందు బియ్యం చేటలో పోసి పగటి వెలుతురులో చూడాలి. ముక్కు పురుగు గింజలోపలే గుడ్లు పెడుతుంది కాబట్టి పైన పాకేవాటిని ఏరేస్తే సరిపోదు. అలాంటివి అయిదు కిలోలిచ్చే బదులు మంచివి కిలో ఇవ్వండి. మాత్రల స్ట్రిప్ కత్తిరిస్తే గడువు తేదీ ఉన్న మూల పోతుంది, తేదీ కనబడనివి వద్దు. గ్యాస్కెట్, వెయిట్ లేని కుక్కరూ, హుక్కులూడిన జాకెట్టూ అందుకున్నవారికి అదనపు ఖర్చే. జెరూసలేం ఆలయంలో బలిపీఠం మీద కాల్చే కట్టెలకు పురుగుందేమో చూడటానికి ప్రత్యేకంగా ఒక గది ఉండేది. శరీరంలో లోపం వల్ల పీఠం దగ్గర సేవకు అర్హత లేని యాజకులు అక్కడ ఆ పని చేసేవారు. ఆ నిషేధం ఈనాడు మనకు మింగుడుపడదు గానీ, తనిఖీకి వాళ్ళిచ్చిన విలువ మాత్రం చూడదగ్గది.

మరి పాడైనదాన్ని ఏం చేయాలి? పారేయమని ఆ శాస్త్రం అనదు. మొక్కుకున్న పశువుకు లోపం వస్తే వెల కట్టి విడిపించి, ఆ డబ్బుతో మంచిదాన్ని తెస్తారు. సొంతదారే విడిపించుకుంటే వెలకు ఐదో వంతు కలపాలి. ఈ లెక్క మనకూ సరిపోతుంది. పాత సామాన్ల కొట్టులో కుక్కరుకూ, ఇత్తడి ముక్కలకూ 200 రూపాయలొస్తే మరో 40 వేసి, 240కి కొత్త తువ్వాళ్ళు కొనివ్వొచ్చు.

అసలు చిక్కు వేరుచేసే చోట వస్తుంది. తొలిచూలు పశువు దేవుడిదే. ఆలయం కూలిన తరువాత దాన్ని కోసుకు తినాలంటే దానికి లోపముందని నిపుణుడు తేల్చాలి. కాబట్టి సొంతదారుకు కావలసిన తీర్పేమిటో ముందే తెలుసు! అందుకే అలా చూసినందుకు కూలి పుచ్చుకోవడాన్నే పెద్దలు ఒప్పుకోలేదు. యవ్నె అనే ఊళ్ళో ‘ఇలా’ అన్న పేరుగల నిపుణుడికి మాత్రం అనుమతిచ్చారు. చిన్న పశువుకు నాలుగు, పెద్దదానికి ఆరు ఇస్సార్ నాణేలు, లోపమున్నా లేకపోయినా అంతే. తీర్పు ఎటు చెప్పినా అతడికి లాభనష్టాలు లేవు.

మన సంఘాల్లో ఎన్ని మూటలు పోగయ్యాయన్నదే గొప్ప అయినప్పుడు, బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు చిరిగిన చీరను వెనక్కి ఎలా పంపగలడు? ఈసారి వచ్చిన మూటల లెక్కతోపాటు తిప్పి పంపినవాటి లెక్కా నోటీసు బోర్డులో పెట్టాలి. కిలో మంచి బియ్యమైనా చాలునని కరపత్రంలో మొదటి వరుసలోనే అచ్చువేయాలి.

— ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై