రేవులో తెలిసిన సంగతులు అచ్చులోకి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్లపై వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. ఘాట్ల పొడవు, రోడ్ల వెడల్పు, నిధుల లెక్కలు వస్తున్నాయి గానీ, 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది చనిపోయిన తరువాత, రేవుల్లో డ్యూటీ చేసిన పోలీసులకు తెలిసివచ్చింది ఏమిటో అధ్యయనం చేసి అచ్చువేయాలన్న మాట నాకు కనిపించలేదు. విచారణ కమిషన్ తప్పెవరిదో చూస్తుంది. పరిశోధన పని వేరు.

2003 పుష్కరాలకు నేను కోటిపల్లి రేవులో హెడ్ కానిస్టేబుల్‌ని. మునిగి పైకి వచ్చే పెద్దవాళ్లు మెట్ల మధ్యలోనే నిలబడి తడిబట్టలు పిండుకునేవారు. ఒక్కరు ఆగితే వెనక వరుసంతా ఆగేది, పై నుంచి దిగేవారికి ఆ సంగతి తెలిసేది కాదు. రెండో రోజు పక్కనే తాటాకు దడి కట్టించి, బట్టలు అక్కడ పిండుకోమన్నాక వరుస కదిలింది. ఆ ముక్క నా పాకెట్ బుక్‌లో ఉంది. ఏ నివేదికలోకీ ఎక్కలేదు.

ఇటువంటి అనుభవాన్ని పరీక్షకు పెట్టి అచ్చువేయడం కొన్ని దేశాల్లో యాభై ఏళ్లుగా సాగుతోంది. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972–73లో 15 పోలీసు బీట్లను, అంటే గస్తీ తిరిగే ప్రాంతాలను, మూడు భాగాలు చేసి, ఒకదానిలో పిలిస్తే తప్ప బండి వెళ్లకుండా, ఒకదానిలో గస్తీ ఎప్పటిలాగే ఉంచి, మరొకదానిలో రెండు మూడింతలు పెంచి చూస్తే, నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శాఖకు రుచించని ఆ ఫలితాన్ని 1974లో దాచకుండా ప్రచురించారు. 2000లో మొదలైన ‘పోలీస్ ప్రాక్టీస్ అండ్ రీసెర్చ్’ పత్రికకు తొలి సంపాదకులు మన ఐపీఎస్‌లో పనిచేసి వెళ్లిన దిలీప్ దాస్ గారే. అయితే క్రిమినాలజీ చదివే మా అమ్మాయి అందులో ఒక వ్యాసం చూపించబోతే, పత్రిక వెబ్‌సైట్ ముందు డాలర్లు కట్టమంది. మన దేశంలో 1970లో ఏర్పడిన కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ (బీపీఆర్ అండ్ డీ) ‘ఇండియన్ పోలీస్ జర్నల్’ వెలువరిస్తోంది. ఇంగ్లీషులో వచ్చే ఆ పత్రికను నా సర్వీసులో ఏ స్టేషన్ రైటరూ తిరగేయగా చూడలేదు.

అందుచేత ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, జిల్లాల పోలీసు అధికారులు కలిసి, రేవుల్లో పనిచేసినవారి అనుభవాలను, ముఖ్యంగా బెడిసికొట్టిన వాటిని, తెలుగులో నమోదు చేయించి, శాఖతో సంబంధం లేని నిపుణుల చేత పరిశీలింపజేసి, పుష్కరాలకు ముందే ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను. నోరు విప్పితే చార్జిమెమో వస్తుందన్న భయం మావాళ్లకు ఉంటుంది, అది ఉత్తుత్తి భయమూ కాదు. కాబట్టి పేర్లు, నంబర్లు తీసేసి అచ్చువేయవచ్చు. నా పాకెట్ బుక్ అటక మీద నుంచి దింపి ఉంచాను, అడిగినవారికి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత హెడ్ కానిస్టేబుల్,
రామచంద్రపురం