ఫిర్యాదు: ఆర్మ్ సర్వర్‌కి మార్చాక తెలుగు పేర్లు దొరకట్లేదు, టికెట్ మూసేశారు

సపోర్ట్ టీమ్‌కి నమస్తే అండి,

మా క్లినిక్ సాఫ్ట్‌వేర్ డేటాబేస్, పోస్ట్‌గ్రెస్ 16, మీ దగ్గరే నడుస్తోంది, దాన్ని పోయిన వారం మీరు ఇంటెల్ ప్రాసెసర్ సర్వర్ నుంచి ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న సర్వర్‌కి మార్చారు. బిల్లు తగ్గుతుంది, మీరేం చెయ్యక్కర్లేదు అన్నారు, సరే అన్నాం. సర్వర్ లేచింది, ఎర్రర్ ఒక్కటీ లేదు, కానీ రిసెప్షన్‌లో వెంకటలక్ష్మి అని కొడితే పాత పేషెంట్లు రావట్లేదు, ఇంగ్లీషులో ఎక్కించిన పేర్లు మాత్రం ఠక్కున వస్తున్నాయి. పేరు లేదు కదా అని రిసెప్షన్ వాళ్ళు కొత్త నంబర్ ఇచ్చేస్తున్నారు, దాంతో ఒకే మనిషికి రెండు ఫైళ్ళు, పాతదాంట్లో రాసున్న పెన్సిలిన్ అలర్జీ కొత్తదాంట్లో లేదు. డాక్టర్ గారు చూసేది కొత్తదే కదండీ!

మీ వాళ్ళేమో అప్లికేషన్ సమస్య అని రాసి టికెట్ మూసేశారు. కాదండి. అదే క్వెరీని ఇండెక్స్ (వేగంగా వెతకడానికి డేటాబేస్ విడిగా ఉంచుకునే పట్టిక) వాడకుండా నడిపితే అందరూ వస్తున్నారు, ఇండెక్స్ మీదుగా వెళ్తేనే మాయం. మా సెర్చ్ పీజీ ట్రైగ్రామ్ (పేరుని మూడేసి అక్షరాల ముక్కలుగా వెతికే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్) ఇండెక్స్ మీద ఉంది, అది తెలుగు అక్షరాల్ని మూడేసి చొప్పున హాష్ చేసి, అంటే లెక్క కట్టి చిన్న సంఖ్యగా మార్చి, 3 బైట్లుగా దాస్తుంది, ఆ బైట్ల విలువల్లో 127 దాటేవి బోలెడు. పోస్ట్‌గ్రెస్ రాసింది సీ లాంగ్వేజ్‌లో, దాంట్లో చార్ అనే ఒక బైట్ రకం ఇంటెల్ మీద సైన్డ్, ఆర్మ్ లినక్స్ మీద అన్‌సైన్డ్, అంటే అదే బైట్ అక్కడ మైనస్, ఇక్కడ ప్లస్, ఇక ఇండెక్స్ వరసే తప్పిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు 127 లోపే కాబట్టి వాటికేం కాలేదు, దెబ్బంతా తెలుగుకే. పోస్ట్‌గ్రెస్ 18లో చార్ సైన్డా కాదా అన్న సంగతి కంట్రోల్ ఫైల్లోనే (డేటాబేస్ తన సెట్టింగులు దాచుకునే ఫైలు) రాసిపెట్టుకునే ఏర్పాటు వచ్చింది, మాది 16 అని మీకు తెలుసు.

అసలు డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు కాపీ చేసి వేరే ఆర్కిటెక్చర్ మీద లేపడమేంటండి? పీజీ డంప్‌తో డేటాని బయటికి తీసి కొత్త సర్వర్‌లో రిస్టోర్ చేస్తే ఇండెక్సులన్నీ కొత్తగా తయారయ్యేవి. డౌన్‌టైమ్ వద్దనుకుంటే లాజికల్ రెప్లికేషన్ (మార్పుల్ని ఎప్పటికప్పుడు కొత్త సర్వర్‌కి పంపే పద్ధతి) ఉంది, సీక్వెన్సులు (వరస నంబర్లు ఇచ్చేవి) దాంట్లో రావు, అవి విడిగా సెట్ చేసుకోవాలి.

ఈ రాత్రి ఓపీ అయ్యాక రీఇండెక్స్ చెయ్యండి, అంటే ఇండెక్సుల్ని మళ్ళీ తయారు చెయ్యండి. ట్రైగ్రామ్ ఒక్కటే కాదు, టెక్స్ట్ కాలమ్స్ మీదున్నవన్నీ, ఎందుకంటే మీరు ఓఎస్ కూడా మార్చారు, ఓఎస్‌లో ఉండే జీలిబ్‌సీ లైబ్రరీ 2.28లో అక్షరాల వరస మారింది, పాత సర్వర్‌లో ఏ వెర్షన్ ఉండేదో రాసి పంపండి. మార్చిన రోజు నుంచి పుట్టిన కొత్త పేషెంట్ నంబర్లన్నీ మేం ఒక్కొక్కటే చూసి కలుపుకోవాలి, ఆ పని పూర్తయ్యేదాకా పాత సర్వర్ స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) చెరపొద్దు, ఈ నెల బిల్లూ వెయ్యొద్దు. టికెట్ మళ్ళీ తెరిచి జవాబు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లోనే ఇవ్వండి.

ఇట్లు,
క్లినిక్ సాఫ్ట్‌వేర్ చూసుకునే మీ కస్టమర్