పికప్ బండి క్యాబిన్‌కూ ఏసీ నిబంధన పెట్టాలి

అయ్యా,

లారీ క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారన్న వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా మా వైపు పికప్‌లు నడిపేవాళ్లు ఒకరినొకరు అడుగుతుంటారు, మన బండ్లకు కూడా వస్తుందా అని. రాదు. ఎందుకు రాదో, ఎందుకు రావాలో చెబుదామని రాస్తున్నాను. దయచేసి ప్రచురించండి.

మాది రెంటచింతల దగ్గర పల్లె. వేసవిలో ఎండల వార్తల్లో మా మండలం పేరు టీవీలో వినని తెలుగువాళ్లు ఉండరు. నాకు సొంత పికప్ ఉంది, నేనే నడుపుకుంటాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి లోడు, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు మిర్చి మార్కెట్ యార్డుకి. మే నెలలో యార్డుకు సెలవులిచ్చాక మామిడి, పుచ్చకాయలు, ఎరువుల బస్తాలు, ఏది దొరికితే అది. అంటే నా సంపాదనలో ఎక్కువ భాగం ఎండలు ముదిరే నెలల్లోనే వస్తుంది. ఆ నెలల్లో ఇంట్లో కూర్చుంటే ఏడాదంతా బండి కిస్తీ కట్టలేను.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్‌-2, ఎన్‌-3 తరగతి సరుకు బండ్ల క్యాబిన్‌కు ఏసీ ఉండి తీరాలి. దాన్ని పరీక్షించేది ఐఎస్ 14618:2022 అనే భారతీయ ప్రమాణం ప్రకారం. బండి బరువు, సరుకు బరువు కలిపి మూడున్నర టన్నులు దాటి 12 టన్నుల దాకా ఉంటే ఎన్‌-2, ఆ పైన ఎన్‌-3. మూడున్నర టన్నుల వరకు ఉన్నవి ఎన్‌-1. సరుకు రవాణాకు మా ఊళ్లలో వాడే పికప్‌లు, మినీ ట్రక్కులు దాదాపు అన్నీ ఈ ఎన్‌-1 కిందికే వస్తాయి. నిబంధన వాటిని అసలు ముట్టుకోలేదు.

లారీ డ్రైవర్లకు ఏసీ రావడం నాకు నిండు సంతోషం. వాళ్లు రోజుల తరబడి క్యాబిన్‌లోనే బతుకుతారు. కానీ చిన్న బండి అంటే చిన్న దూరం, కాసేపు నడిపి ఇంటికి పోతారు అని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. రెంటచింతల నుంచి గుంటూరు వంద కిలోమీటర్లు దాటుతుంది. పైగా మా క్యాబిన్‌లో ఉండేది డ్రైవరు ఒక్కడే కాదు. మిర్చి రైతు తన టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో పాటే వస్తాడు. కాటా ఎంత తూగిందో, ధర ఎంత పలికిందో కళ్లారా చూసుకోకపోతే ఆయనకు మనసు ఆగదు. ఒక్కోసారి ఆయన భార్య కూడా వస్తుంది. అరవై దాటిన మనుషులు ఆ రేకు డబ్బాలో మూడు నాలుగు గంటలు కూర్చుంటారు. లారీలో ఇలా రైతులు కూర్చోరు. ఏసీ అవసరం ఎవరికి ఎక్కువో లెక్క చూసేవాళ్లు దీన్ని కూడా చూడాలి.

కిటికీ తీసుకుంటే గాలి రాదా అని కొందరు అడుగుతారు. బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు ఆ గాలి మన ఒంటికంటే వేడిగా ఉంటుంది. అది ఒంటికి వేడిని ఎక్కిస్తుంది. చెమట ఆరడం ఒక్కటే ఆధారం, అందుకు నీళ్లు తాగుతూ ఉండాలి. యార్డు బయట బండ్ల లైన్లో ఉన్నవాడు బండి వదిలి ఒంటేలుకి పోలేక నీళ్లు తాగడమే తగ్గించేస్తాడు. ఇక వెనకాల మిర్చి ఉందంటే, కిటికీ తీసినా మూసినా బాధే. తీస్తే వడగాలి, దాంతో పాటు ఘాటు. దగ్గు, తుమ్ములు, కళ్లలో నీళ్లు. కళ్లు తుడుచుకుంటూ అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం బయటికి రావద్దని విపత్తుల నిర్వహణ సంస్థ మండలం పేరుతో సహా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. మంచి పనే. ఆ మెసేజ్ వచ్చే వేళకు మేం రోడ్డు మీద ఉంటాం.

కంపెనీ నుంచి ఏసీ రాని బండి కాబట్టి నేను బయట కిట్టు పెట్టించుకున్నాను. నలభై వేల పైచిలుకు అయింది. అక్కడ నేర్చుకున్నది కొంత ఉంది, అది తోటి డ్రైవర్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

బండి కదులుతున్నంతసేపు చల్లగానే ఉండేది. రైల్వే గేటు దగ్గరో, యార్డు లైన్లోనో ఆగితే పది నిమిషాల్లో వేడిగాలి. పెట్టిన షాపువాళ్లు గ్యాస్ తక్కువైంది అంటూ ఎక్కించారు. ఇంకా పాడైంది. చివరికి సత్తెనపల్లిలో ఒక పెద్దాయన, కార్ల ఏసీలు మాత్రమే చేసే మెకానిక్, విషయం విడమరిచి చెప్పాడు. క్యాబిన్‌లోంచి లాగిన వేడిని బయట పారేసేది రేడియేటర్ ముందున్న కండెన్సర్. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి దాన్ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. నా కిట్టులో వేసిన ఫ్యాన్ చిన్నది. దానికి తోడు ఐడిలింగ్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, బెల్టుతో దానికి కట్టిన, ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ కూడా నెమ్మదిస్తుంది. ఇంజన్ వేడిగాలి వెనక్కి పోకుండా చుట్టు తిరిగి మళ్లీ కండెన్సర్ ముందుకే వస్తుంది. గ్యాస్ ఎక్కువ ఉంటే లోపల ప్రెషర్ పెరిగి, పైపులు పగలకుండా స్విచ్చి కంప్రెసర్‌ని ఆపేస్తుంది. చల్లదనం అప్పుడే పోతుంది. ఆయన గ్యాస్ అంతా తీసి, వ్యాక్యూమ్ పట్టి పైపుల్లో మిగిలిన గాలి, తేమ లాగేసి, కాటా పెట్టి గ్రాముల లెక్కన మళ్లీ నింపాడు. ఫ్యాన్ పెద్దది మార్చాడు. కండెన్సర్ రెక్కల్లో పిడుగురాళ్ల సున్నపు దుమ్ము, మిర్చి పొట్టు పేరుకుని గట్టిపడి ఉన్నాయి. వాటిని మామూలు పైపు నీళ్లతో లోపలి వైపు నుంచి కడిగాడు. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ పెడితే ఆ పల్చటి రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుందట.

అంతకంటే ఎక్కువ తేడా కనిపించింది క్యాబిన్ కప్పుతో. పికప్ కప్పు ఉత్త రేకు, లోపల అంటించిన పల్చటి షీటు ఎండను ఆపదు. కప్పు లోపల, ఇంజన్ వైపు గోడ మీద వేడి ఆపే షీటు వేయించాను. తలుపుల రబ్బర్లు, వెనక జరుపుడు అద్దం సందులు మూయించాను. బండి ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి లోపలి వేడి పోనివ్వడం, తర్వాత మూసేసి లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కడం అలవాటైంది. మిర్చి ఘాటు కూడా దాంతో చాలా వరకు తగ్గింది. ఇప్పుడు లైన్లో ఉన్నా ఏసీ వదలకుండా పనిచేస్తోంది. కారంత చల్లగా ఉండదు. మనిషి స్పృహలో ఉండి నడపగలిగేంత ఉంటుంది, నాకు అది చాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏసీ బిగించడం వేరు, చల్లబరచడం వేరు. పికప్‌లకు నిబంధన తెచ్చినా కంపెనీలు ఒక చిన్న యూనిట్ పెట్టి చేతులు దులుపుకుంటే మాకు ఒరిగేదేమీ లేదు. పల్నాడు ఎండలో, నిండు లోడుతో, ఇంజన్ ఆన్‌లో ఉండి బండి అరగంట ఆగి ఉన్నప్పుడు క్యాబిన్‌లో ఎంత వేడి ఉందో కొలవాలి. కప్పుకు వేడి ఆపే పొర ఉండాలని అందులోనే రాయాలి. బయట కిట్టు పెడితే వైరింగ్ కోశారంటూ వారంటీ పోతుందని షోరూముల్లో భయపెడుతున్నారు. అందుకే ఇది ఫ్యాక్టరీలోనే జరగాలి.

ధర పెరుగుతుందని అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్నుకు ముందు ఎనిమిది లక్షలున్న బండి మీద అది 80 వేల రూపాయలు. ఆ మిగులులో ఏసీ ఖర్చు ఇమడదా? నా కిట్టు ఖర్చు అందులో సగానికి కాస్త ఎక్కువ, అది కూడా చిల్లరగా కొన్న ధర. డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, ఎత్తు రోడ్డు మీద నిండు లోడుతో లాగేటప్పుడు ఏసీ ఆపాల్సి వస్తుంది, నిజమే. ఇంజన్ శక్తిలోంచే అది తన వాటా తీసుకుంటుంది కదా. అయితే కిరాయి మాట్లాడేటప్పుడు వ్యాపారులు ఆ డీజిల్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోల్డ్ స్టోరేజీలో మిర్చి రంగు పోకుండా నెలల తరబడి కరెంటు బిల్లు కడుతున్నారు. దాన్ని అక్కడిదాకా తెచ్చే మనిషి కోసం లీటరో రెండు లీటర్లో పెద్ద భారం కాదు.

కొత్తగా తయారయ్యే బండ్లకు పెట్టే ఇలాంటి నిబంధన ఇప్పటికే రోడ్డు మీదున్న బండ్లకు వర్తించదు. వాటిని నడిపేవాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం, మార్కెటింగ్ శాఖ చేయగలిగింది ఉంది. గుంటూరు యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని గొప్పగా చెప్పుకుంటాం. సీజన్‌లో యార్డు బయట బండ్లు ఆగే చోట పొడవునా రేకుల షెడ్డు, తాగునీళ్లు, మరుగుదొడ్లు కావాలి. లోపలికి పంపడానికి టోకెన్ పద్ధతి పెట్టి, వంతు వచ్చే టైము ఫోన్‌కే పంపితే డ్రైవరు, రైతు ఎండలో బండి పట్టుకుని కూర్చోనక్కర్లేదు. టోకెన్లకు పెద్ద ఖర్చు కూడా కాదు. వచ్చే ఫిబ్రవరిలో కొత్త పంట రాకముందే మొదలుపెట్టవచ్చు.

ఎన్‌-1 బండ్లను ఏసీ నిబంధనలో ఎందుకు చేర్చలేదో, ఎప్పుడు చేరుస్తారో మన ఎంపీలు పార్లమెంటులో అడగాలని కోరుతున్నాను. మీ పత్రిక విలేకరులు కూడా ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం థర్మామీటరుతో వచ్చి, యార్డు లైన్లో ఆగి ఉన్న ఏ పికప్ క్యాబిన్‌లోనైనా కొలిచి, ఆ అంకె అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పికప్ యజమాని, డ్రైవరు
రెంటచింతల మండలం, పల్నాడు జిల్లా