ముందు ఆది తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మా దగ్గర డిజైన్ అంటే జాకెట్టు వెనక మెడ, చేతులకి మగ్గం వర్కు, అంచుకి లేసు. అసలు కుట్టు అయిపోయాక పైన వేసే సోకు. ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అక్క కూతురు ఒకరోజు మిషను పక్కన కూర్చుని, 'లేసు కాదు పిన్నీ, నువ్వు టేపు పట్టుకుని కొలుస్తావే, అదీ డిజైన్' అంది. అప్పటినుంచి ఊరిని వేరేగా చూడటం మొదలుపెట్టాను. చూసినవి నలుగురికీ చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను లైనింగు గుడ్డలకీ దారాలకీ వన్‌టౌన్ వెళ్ళివస్తుంటాను. దారిలో బస్సు మారే చోట ఒక షెల్టరు ఉంది. చూడటానికి బాగుంటుంది. స్టీలు సీట్లు, పైన వంపు తిరిగిన రేకు, వెనక పెద్ద ప్రకటన బోర్డు. కానీ అది పడమటి ముఖంగా ఉంది. మే నెల మధ్యాహ్నం మూడింటికి ఎండ తిన్నగా లోపలికి కొడుతుంది. సీటు మీద కూర్చుంటే చీర మీంచే చురుక్కుమంటుంది. నీడంతా బోర్డు వెనక పడుతుంది కాబట్టి జనం అక్కడే నిలబడతారు. బస్సు వస్తుంది, డ్రైవరుకి స్టాపులో మనిషి కనబడడు, ఆపకుండా వెళ్ళిపోతాడు. వెనకనుంచి పరిగెత్తగలిగిన కుర్రాళ్ళకి బస్సు దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులతో ఉన్న ముసలమ్మకి దొరకదు. ఇది నేను ఒకసారి కాదు, ఎన్నోసార్లు చూశాను. ఇందులో డ్రైవరు తప్పు ఏముంది? ఆ షెల్టరు ఎటు తిరిగి ఉండాలో గీసినవాళ్ళు, వేసవిలో ఒక్క మధ్యాహ్నం అక్కడ నిలబడి ఉంటే ఇలా జరిగేది కాదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2015 మే నెల వడగాడ్పులకి మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. కూలీలు, ముసలివాళ్ళు, ఎండలో తిరగక తప్పనివాళ్ళే అందులో ఎక్కువ. ఇప్పుడు 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక స్టాపుల్లో మేమే ఎక్కువగా కనిపిస్తున్నాం. టికెట్టు డబ్బులు మిగులుతున్నాయి, సంతోషం. ఆ బస్సు వచ్చేదాకా నిలబడే చోటు గురించి కూడా ఎవరైనా ఆలోచించాలి కదా.

మా వృత్తిలో ఆది జాకెట్టు, అంటే కొలతకి ఇచ్చే పాత జాకెట్టు, లేకుండా కత్తెర పట్టుకోం. ఆది ఇచ్చినా కాస్త గుడ్డ లోపలికి వదులుతాం. పిల్లల గౌనుకైతే కింద మడత ఎక్కువే పెడతాం. బిడ్డ ఎదిగినా కుట్టు విప్పుకుంటే ఇంకో రెండేళ్ళు వస్తుంది. ఊరికి కూడా అలాంటి మడత కావాలి. మా వీధిలో రోడ్డు పాడైన ప్రతిసారీ పాతది గీకకుండా దానిమీదే కొత్తది వేశారు. ఇప్పుడు రోడ్డు మా గడపల కంటే ఎత్తు. వాన పడితే నీళ్ళు వీధిలోంచి ఇంట్లోకే వస్తాయి. మేడ ఉన్నవాళ్ళు మెరక వేయించుకున్నారు. రేకుల ఇళ్ళవాళ్ళు గడప ముందు రెండు వరసల ఇటుకలు పేర్చుకున్నారు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా మీద పడ్డప్పుడు మా ఇంట్లో ఛాతీ దాకా నీళ్ళు. మిషను మోటారు పోయింది. కుట్టాల్సిన ఆర్డర్లు బురదలో కలిసిపోయాయి. నీళ్ళు దిగాక గోడమీద గోధుమరంగు గీత మిగిలింది. వైరింగు చేసే అబ్బాయి వచ్చి 'స్విచ్‌బోర్డు పాత చోటే పెట్టేయనా అక్కా' అని అడిగాడు. నేను టేపు తెచ్చి, ఆ గీతకి జానెడు పైన గుడ్డల మీద గీసే సుద్దతో గుర్తు పెట్టాను. అది చూసి పక్కింటివాళ్ళూ అలాగే పెట్టించుకున్నారు, వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళూ. మాకు ఎవరూ ప్లాను గీసివ్వలేదు. నీళ్ళలో నిలబడ్డవాళ్ళం కాబట్టి ఎంత ఎత్తులో పెట్టాలో మాకు తెలుసు. బుడమేరు గట్ల గురించి, కాలవల గురించి లెక్కలు వేసేవాళ్ళు మా గోడల మీద గీతలు కూడా కొలుచుకుంటే బాగుంటుందని నా మనవి.

ఫుట్‌పాత్ సంగతీ ఇంతే. ర్యాంపు అడుగు ఎత్తు లేవాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం కూడా వచ్చింది. మా వీధిలో మూడుచక్రాల బండి మీద తిరిగే ఒక తమ్ముడు ఉన్నాడు. దగ్గర్లో ర్యాంపు ఉన్నా అతను రోడ్డు మీదే పోతాడు. అది అంత నిటారుగా ఉంది, పైగా మధ్యలో స్తంభం.

మా అక్క కూతురు ఇంకో మాట చెప్పింది. అమెరికానుంచి వచ్చిన డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, ఈ దేశంలో తాము చూసి మెచ్చుకున్న వస్తువులన్నిటిలోకీ బహుశా చెంబే గొప్పదని రాశారట. అది ఒక్కరు కూర్చుని గీసింది కాదు, తరతరాల చేతుల్లో దిద్దుకుంటూ వచ్చింది. ఆ నివేదిక వల్లే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. అలాంటిదే ఇప్పుడు మన గుంటూరు వైపూ ఉంది. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు మనం అక్కడ చదివే పిల్లల్ని వాడుకోవడం లేదేమో అనిపిస్తుంది. అమరావతి కోసం లండన్ ఫోస్టర్ సంస్థ గీసిన బొమ్మలు మీ పత్రికలో చూస్తుంటాను. రాజధాని బాగా రావాలనే నా కోరిక కూడా. అంత పెద్ద పని జరిగే చోటే, పక్క ఊళ్ళో బస్టాపు గీసే పని ఆ పిల్లలకి ఇవ్వలేమా?

నేను అడిగేది ఒక్కటే. షెల్టర్లయినా ఫుట్‌పాత్‌లయినా వంద ఒకేసారి కట్టకండి. ముందు ఒక్కటి నమూనాగా పెట్టండి. ఈ చదువుకునే పిల్లలూ, అక్కడ రోజూ నిలబడేవాళ్ళూ కలిసి కూర్చుని గీయాలి. పూలమ్మే ఆవిడ, ఆటో తోలే ఆయన, కాలేజీ పిల్లలు, మా వీధి తమ్ముడు, అందరూ ఆ కూర్చునేవాళ్ళలో ఉండాలి. ఒక వేసవి, ఒక వానాకాలం దాన్ని వాడి చూడనివ్వండి. బిగుతుగా ఉన్నచోట విప్పి కుట్టండి. ఆ తర్వాతే మిగతా తొంభై తొమ్మిదీ.

ఆ నమూనా స్టాపు ఎప్పుడు పెట్టినా, మే నెల మధ్యాహ్నం మూడింటికి అందులో కూర్చుని చూడటానికి నేను వస్తాను. కొట్టు మూసేసి వస్తాను. మా వీధినుంచి ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని వస్తాను. టేపు కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక టైలరు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ