అక్క ఏడ్చిన చోటల్లా నాకు సినిమా ఆగిపోయింది

సంపాదకులకు నమస్కారం.

కష్టాలకు ఎదురు నిలిచి సంతోషంగా బతికిన వాళ్ళ మీద తీసిన సినిమాల గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మా అక్క కూతురు చదివి వినిపించింది. 'మయూరి' గురించీ 'శ్రీకాంత్' గురించీ బాగా రాశారు. చివర్లో "ప్రతి ఒక్కరూ చూసి తీరాలి" అన్నారు చూడండి, అక్కడ ఇద్దరం నవ్వుకున్నాం. నాకు నాలుగో ఏట తట్టు పోసి చూపు పోయింది. ఇప్పుడు 61. ఈ రెండు సినిమాలూ నేను హాల్లోనే చూశాను. చూశాను అనే అంటాను, మా ఇంట్లో అందరికీ అదే అలవాటు. ఎలా చూశానో చెబుదామనే ఈ ఉత్తరం.

'మయూరి' 1985లో వచ్చింది. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చుని ఉన్నాను. సుధా చంద్రన్ అనే నాట్యం చేసే అమ్మాయికి బస్సు ప్రమాదంలో దెబ్బ తగిలి కాలు తీసేశారట, జైపూర్ కాలు పెట్టించుకుని మళ్ళీ నాట్యం చేసిందట, సినిమాలో కూడా ఆ అమ్మాయే వేసిందట అని ఊరంతా ఒకటే చెప్పుకోవడం. అక్క నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళింది. నాకు సినిమా అంటే అక్కే. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, మాటకీ మాటకీ మధ్య దొరికిన సందులో గబగబా చెప్పేది. "పట్టు చీర కట్టింది. ఎర్ర అంచు. కళ్ళు ఇంతేసి ఉన్నాయే." పాటలో అయితే చెప్పడానికి తీరిక ఎక్కువ కాబట్టి పక్క సీటు వాళ్ళ చీర గురించి కూడా చెప్పేది.

అలా బాగానే సాగుతోంది. ఆస్పత్రి సీను వచ్చింది. అక్క మాట ఆగిపోయింది. హాలంతా నిశ్శబ్దం, ఎక్కడో ముక్కు చీదుతున్నారు. నేను మోచేత్తో పొడిచి "ఏమైందే, చెప్పు" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ పొడిచాను. "ఉండవే బాబూ" అంది, గొంతు పూడుకుపోయి. అందరూ ఏడ్చిన చోట నేను మాత్రం ఏం జరుగుతోందో తెలియక, వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని కూర్చున్నాను. చివరి నాట్యం అప్పుడు కూడా అంతే. అయితే అక్కడ నాకు గజ్జెలు వినపడుతున్నాయి. రెండు కాళ్ళ గజ్జెలూ ఒక్కలాగే మోగుతున్నాయా, పెట్టుడు కాలు నేలకి తగిలినప్పుడు చప్పుడు ఏమైనా తేడా వస్తోందా అని చెవులు రిక్కించి విన్నాను. నాకేమీ తేడా తెలియలేదు. సినిమాల్లో గజ్జెల చప్పుడు కూడా విడిగా కలుపుతారని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెప్పారు. చెప్పకపోతే బాగుండేది.

'శ్రీకాంత్' విడుదలైంది 2024 మే 10న. అప్పటికి బ్యాంకులో నా 36 ఏళ్ళ సర్వీసు పూర్తి కావస్తోంది. మొదట టెలిఫోన్ ఆపరేటర్‌ని, తర్వాత క్లర్కుని. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ హిందీలో తీశారు, రాజ్‌కుమార్ రావు వేశాడు. ఈసారి నా ఎడమ చెవి దగ్గర అక్క కూతురు. పాపం దానికి రెండు పనులు, బొమ్మ చెప్పాలి, హిందీ చెప్పాలి. పావుగంట కాకముందే ముందు వరసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి, "కథలు ఇంటికెళ్ళి చెప్పుకోండమ్మా" అన్నాడు. చూపులేని కుర్రాడి సినిమాకి టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషే. "మా పిన్నికి కనపడదండీ" అంటే కాసేపు ఊరుకున్నాడు గానీ, తర్వాత అది ఇంకా చిన్న గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. దాంతో సగం నాకే వినపడలేదు. నవ్వు సీన్లలో హాలంతా నవ్వి ఆపేశాక నేనొక్కదాన్నే నవ్వేదాన్ని.

ఒక్క చోట మాత్రం ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పదో తరగతి తర్వాత సైన్సు ఇవ్వం అంటే శ్రీకాంత్ కోర్టుకెక్కి సాధించుకున్నాడు, 98 శాతం తెచ్చుకున్నాడు, ఇక్కడ ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోకపోతే ఏకంగా అమెరికాలో ఎంఐటీకే వెళ్ళాడు. నాకు లెక్కలంటే ప్రాణం. అంధుల బడిలో టేలర్ ఫ్రేమ్ మీద చేసేవాళ్ళం. పలకలో ఎనిమిది మూలల గుంటలుంటాయి, వాటిలో చిన్న మేకు ఏ మూలకి తిప్పి పెడితే ఆ అంకె. వేళ్ళ కొసలు నల్లబడేవని అమ్మ తిట్టేది. ఇంటర్‌లో ఎంపీసీ అడిగితే మా కాలేజీలో "గ్రాఫులు ఎట్లా గీస్తావమ్మా" అని హెచ్ఈసీలో వేశారు. కోర్టుకు వెళ్ళొచ్చన్న ఆలోచన మా నాన్నకి గానీ నాకు గానీ రాలేదు. అందుకే ఆ సీను నాకు బాగా అర్థమైంది, పిల్ల చెప్పకముందే.

బయటికొస్తుంటే ఎవరో పెద్దావిడ నా భుజం తట్టి, "నువ్వు కూడా అలా ఏదైనా సాధించాలమ్మా" అంది. రిటైర్మెంట్‌కి రెండు నెలలుంది, ఇప్పుడేం సాధించను అని ఆలోచిస్తూ ఆటో ఎక్కాను.

అసలు విషయానికి వస్తాను. బొమ్మలో జరిగేదాన్ని మాటల మధ్య సందుల్లో చెప్పడానికి ఆడియో డిస్క్రిప్షన్ అని ఒకటి ఉంది. అక్క చేసిన పనే, కాకపోతే ఏడవకుండా చేస్తారు. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే హాల్లో సినిమా శబ్దాన్ని బట్టి అది కలిసి నడుస్తుంది, ఇయర్‌ఫోన్‌లో మనకొక్కరికే వినపడుతుంది, ముందు వరస ఆయనకి ఇబ్బంది లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో దీని ప్రస్తావన ఉంది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ హాళ్ళలో వేసే సినిమాలకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఒకటికి మించిన భాషల్లో సెన్సార్ అయ్యే సినిమాలకు ఆరు నెలలు, మిగతా వాటికి రెండేళ్ళు గడువు పెట్టి, చూపు లేనివాళ్ళకొకటి, వినపడని వాళ్ళకొకటి సదుపాయం ఉండాలంది. నేను ఆ తర్వాత మూడు తెలుగు సినిమాలకి వెళ్ళి కౌంటర్లో అడిగాను. ఒకచోట టికెట్ ఇచ్చే కుర్రాడు "డాల్బీ ఉందండీ" అన్నాడు.

నేను మీ పత్రికని అడిగేది చిన్న పని. శుక్రవారం సమీక్షల్లో నిడివి, సంగీతం, రేటింగ్ అన్నీ వేస్తారు కదా. ఆ వరసలోనే ఆడియో డిస్క్రిప్షన్ ఉందా, తెర మీద తెలుగు అక్షరాలు పడతాయా అని ఒక్క ముక్క కలపండి. లేకపోతే 'లేదు' అనే వేయండి. నాలుగు వారాలు వరసగా 'లేదు' అని పడితే నిర్మాతలకి కాస్త టెన్షన్ పట్టుకుంటుంది. తెర మీద అక్షరాల సంగతి ఎందుకంటే, మా అక్కకి ఇప్పుడు 66, చెవులు సరిగ్గా వినపడవు. మిషన్ పెట్టుకుంటే హాల్లో రొద తప్ప మాట తెలియదంటుంది. ఇద్దరం కలిసి సినిమాకి వెళ్ళడం మానేశాం.

మొన్న సంక్రాంతికి అక్క మా ఇంటికొస్తే టీవీలో 'మయూరి' పెట్టాం. పిల్లలెవరూ లేరు. మాటలు నేను విని గట్టిగా అక్కకి చెప్పాను, బొమ్మ అక్క నాకు చెప్పింది. చీర అంచు ఎరుపు కాదట, అప్పుడు నాకు తప్పు చెప్పిందట. పక్కింటి వాళ్ళకి సినిమా మొత్తం తెలిసిపోయి ఉంటుంది. ఆస్పత్రి సీను వస్తోందని నాకు ముందే తెలిసింది. అక్క చెయ్యి పట్టుకుని, "ఈసారైనా చెప్పవే" అన్నాను.

మళ్ళీ మాట ఆపేసింది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
గుంటూరు