సంతకం పెట్టకముందు నాకు చూపించు బిడ్డా

బిడ్డా,

ఫోన్‌లో రెండు నిమిషాల్లో అయ్యే మాట కాదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మొన్న ఆదివారం నువ్వు "బాపూ, తిన్నవా" అని అడిగి, కాసేపు ఊరుకుని, "అమ్మకియ్యి" అన్నావు. ఆ ఊరుకున్నప్పుడే ఏదో చెప్పాలనుకుని ఆగావని తెలిసింది. రాత్రి మీ అమ్మ చెప్పింది, సాయంత్రాలు జర్మన్ క్లాసుకు పోతున్నావట, నర్సింగ్ పరీక్షలు అయ్యాక జర్మనీకే పోవాలనుకుంటున్నావట, బాపు బాధపడతాడు, ఇప్పుడే చెప్పకు అన్నావట. నాకు కోపం రాలేదు. కానీ నిద్ర కూడా రాలేదు.

నీకు నేను రాసిన మొదటి ఉత్తరం 2003లో. అప్పటికి నువ్వు పుట్టి పదిహేను రోజులు. దుబాయ్‌లో సోనాపూర్ లేబర్ క్యాంపులో, పన్నెండు మంది ఉన్న గదిలో, పై మంచం మీద కూర్చుని రాశాను. నీకు చదవరాదని తెలిసీ నీ పేరు మీదే రాశాను, మీ అమ్మ నీ చెవి దగ్గర పెట్టి చదివిందట. అందులో ఏం రాశానో ఒక్క ముక్కే గుర్తుంది, "మూడేండ్లలో వచ్చేస్తా". అది అబద్ధం కాదు బిడ్డా, అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ మూడేండ్లు ఇరవై ఏండ్ల ఎనిమిది నెలలు ఎట్లా అయ్యాయో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. 2003 మార్చిలో కోరుట్లలో ముంబై బస్సెక్కాను. ఏజెంటుకు కట్టడానికి డెబ్బై వేలు తెచ్చాను, నూటికి మూడు రూపాయల మిత్తి. ముంబైలో చూపించిన కాగితంలో మేస్త్రీ పని, 900 దిర్హాములు అని ఉందన్నారు. అది ఇంగ్లిషులో ఉంది, నేను చదివింది ఏడో తరగతి. అక్కడ దిగాక ఇంకో కాగితం పెట్టారు, అరబ్బీలో. దాని మీద కూడా సంతకం పెట్టాను. పెట్టక ఏం చేస్తాను, పాస్‌పోర్టు అప్పటికే వాళ్ళ దగ్గర ఉంది. మొదటి జీతం చేతికి వచ్చినప్పుడు తెలిసింది, నేను మేస్త్రీని కాదు హెల్పర్‌ని, జీతం 500. అప్పుడు దిర్హాముకు పన్నెండు, పదమూడు రూపాయలు. తిండికి పోను ఇంటికి పంపింది నాలుగున్నర వేలు, అందులో రెండు వేల వంద మిత్తికే. అప్పు తీరేసరికే ఆ మూడేండ్లు అయిపోయాయి. తర్వాత మీ చిన్నత్త పెండ్లి. తర్వాత బోరు వేశాం, నీళ్ళు పడలేదు, ఇంకోటి వేశాం. తర్వాత స్లాబు. ప్రతిసారీ ఇంకో రెండేండ్లు, ఇంకో రెండేండ్లు. నన్ను ఎవరూ బలవంతంగా పంపలేదు, కానీ ఇక రా అని కూడా ఎవరూ అనలేదు, ఆ మాట నోటిదాకా వచ్చినా మీ అమ్మ అనలేకపోయింది.

తొమ్మిదిసార్లు సెలవు మీద వచ్చాను. ఒకసారి నెలన్నర, ఒకసారి రెండు నెలలు. పాత పాస్‌పోర్టుల ముద్రలు ముందు పెట్టుకుని మొన్న లెక్కపెట్టాను, అన్నీ కలిపినా ఏడాదిన్నర దాటలేదు. మొదటిసారి వచ్చినప్పుడు నీకు రెండేండ్లు దాటాయి, నన్ను చూసి ఏడ్చి మీ నాయనమ్మ కొంగు వెనక దాక్కున్నావు. పదిహేను రోజులకు నా దగ్గరికి వచ్చావు, ఇంకో నెలకు నేను మళ్ళీ బస్సెక్కాను. రెండోసారి వచ్చినప్పుడు ఏడవలేదు, కానీ "ఎప్పుడు పోతవ్" అని అడిగావు. నేను వద్దనుకుని అడిగిన మాట కాదని నాకు తెలుసు, చుట్టాలు వస్తే అడుగుతాం చూడు, అట్లా అడిగావు. దాని గురించి నీ మీద ఎన్నడూ బాధ లేదు. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

మీ నాయనమ్మ పోయినప్పుడు కూడా రాలేకపోయాను. పని ఒత్తిడి ఉంది, పాస్‌పోర్టు ఇప్పుడివ్వం అన్నారు. మీ చిన్నాన్న ఫోన్‌లో ఫొటోలు పంపాడు. ఆ రోజు కూడా డ్యూటీకి పోయాను. ఇంతకుమించి రాయలేను.

ఎందుకు వచ్చేశావు బాపూ అని నువ్వు ఒకసారి అడిగావు, పని అయిపోయింది అన్నాను. అసలు సంగతి వేరు. గదిలో నా కింది మంచం అతను, మెట్‌పల్లి దిక్కువాడే, ఒక రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. పొద్దున మూడున్నరకు అందరం లేస్తాం, నాలుగున్నరకు బస్సు, అతన్ని నేనే తట్టి లేపబోయాను. ఏ జబ్బూ లేదు. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని ఆపాలని అక్కడ రూలు ఉంది, ఆపుతారు కూడా, కానీ పొద్దున పదింటికే ఇనుము చేతికి అంటుకునే ఎండ ఉంటుంది. అతని శవం ఉన్న పెట్టె శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేరడానికి చాలా రోజులు పట్టింది. అతని బట్టలు సర్దింది నేనే. సంచి అడుగున పిల్లల కోసం కొన్న బొమ్మ కారు, రేపర్ కూడా విప్పలేదు. ఆ వారమే కంపెనీలో చెప్పేశాను, ఇక చాలని.

2023 నవంబర్‌లో శంషాబాద్‌లో దిగాను. నేను మొదటిసారి పోయేనాటికి ఆ ఎయిర్‌పోర్టే లేదు. అట్టపెట్టె మీద నా పాత చిరునామా రాసి ఉంది, కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని. ఇప్పుడు మనది జగిత్యాల జిల్లా, రాష్ట్రం తెలంగాణ. 2014 జూన్ 2న క్యాంపులో ఒకే టీవీ ముందు అరవై మందిమి నిలబడి చూశాం, అందరం ఏడ్చాం, కానీ పెట్టె మీద పేరు మార్చి రాసుకోవడం నాకు తోచనే లేదు.

ఇక వచ్చాక సంగతి. ఇది నీకు చెప్పాలనే కూర్చున్నాను, పైన రాసినవన్నీ దీనికోసమే.

ఊరికి వస్తే ఇంటికి వచ్చినట్టే అనుకున్నాను. మొదటి నెల బాగానే ఉంది, అందరూ వచ్చి పలకరించారు, సెంటు సీసాలు, ఖర్జూరాలు పంచాం. రెండో నెల నుంచి ఎవరూ రాలేదు, రావాల్సిన పని కూడా లేదు. పొద్దున మూడున్నరకే మెలకువ వచ్చేది, వాకిట్లో కూర్చునేవాణ్ణి, మీ అమ్మ ఉలిక్కిపడి లేచి దొంగ అనుకునేది. చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియదు. గ్యాస్ ఎవరు తెస్తారో తెలియదు. తిన్న పళ్ళెం నేనే కడిగి పెడితే, నేనేమన్నా పరాయిదాన్నా అని మీ అమ్మ బాధపడింది, కడగకపోతే నాకు ఊపిరాడదు, ఇరవై ఏండ్ల అలవాటు. రేషన్ కార్డులో నా పేరు లేదు, వేలిముద్ర వేయడానికి నేను ఉంటే కదా. అర్జీ పెట్టాను.

సంఘం వాళ్ళు వచ్చినా, బ్యాంకు నుంచి మనిషి వచ్చినా, కూలీలు వచ్చినా "అక్క ఉన్నదా" అని అడుగుతారు. నేను గడపలో నిలబడి ఉన్నా సరే. అది నేను తట్టుకోలేకపోయాను. ఒక రోజు లెక్కల నోటుబుక్కు ఇటివ్వు, ఇప్పటి నుంచి నేను చూస్తాను అన్నాను. మీ అమ్మ ఏమీ అనకుండా తెచ్చి ముందు పెట్టింది. తెరిచి చూశాను బిడ్డా. 2003 నుంచి ఉంది. నేను పంపిన ప్రతి పైసా, పక్కనే తను చుట్టిన బీడీల లెక్క, ఇన్ని వేలు, ఇంత కూలి. నీ స్కూలు ఫీజు పక్కన నా డబ్బు లేదు, బీడీల డబ్బు ఉంది. నేను పంపింది అప్పుకీ బోర్లకీ పోయింది, నిన్నూ తమ్ముణ్ణీ చదివించింది బీడీలు చుట్టే తునికాకు. చాట ముందు పెట్టుకుని, నడుం పట్టుకుపోయేదాకా కూర్చుని. ఆ నోటుబుక్కు మూసి మళ్ళీ తన చేతికే ఇచ్చాను. క్షమించమని అడగడం రాలేదు, పసుపు చేనుకు పోయివస్తా అన్నాను.

పసుపు కూడా నాకు మీ అమ్మే నేర్పింది, ఇది నువ్వు నమ్మవు. రైతు బిడ్డనే, కానీ నేను పోయేనాటికి కరెంటు రాత్రిపూట వచ్చేది, మీ తాత బ్యాటరీ లైటు పట్టుకుని బాయికాడికి పోయేవాడు, ఇప్పుడు ఇరవై నాలుగు గంటలు కరెంటు. అప్పుడు పసుపు కొమ్ములు కడాయిల్లో ఉడకబెట్టేవాళ్ళం, ఇప్పుడు ఆవిరి డ్రమ్ములు ట్రాక్టర్ మీద చేను దగ్గరికే వస్తున్నాయి. జూన్‌లో పెట్టి తొమ్మిది నెలలు కాపాడాలి, మధ్యలో మక్క వేస్తాం, దాన్ని కోతులు పీకేస్తాయి, నేను పోయేనాటికి మన ఊరి దిక్కు కోతులే లేవు. ఉడికిందో లేదో మీ అమ్మ చీపురుపుల్లతో గుచ్చి చూస్తుంది, పుల్ల మెత్తగా దిగితే సరే, వాసన కూడా మారుతుంది. పోయినేడు నేను చూసిన డ్రమ్ము ఎక్కువ ఉడికింది, కొమ్ములు రంగు పోయాయి. ఈసారి నాకు వాసన తెలిసింది. నిజామాబాద్‌లో పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది, దానికోసం మన రైతులు 2019లో పార్లమెంటుకు నామినేషన్లు వేస్తే పోటీలో 185 మంది అయ్యారు, అప్పుడు నేను క్యాంపులో ఫోన్‌లో చూస్తూ వీళ్ళకేం పిచ్చి అనుకున్నాను. ఇప్పుడు మార్కెట్‌లో నా బస్తాల పక్కన నిలబడి ధర కోసం చూస్తుంటే వాళ్ళ బాధ తెలుస్తోంది.

ఇంకొకటి చెప్పాలి. మన పక్కింటి వాళ్ళు ఇల్లు కడుతున్నారు, సెంట్రింగ్ పనికి బీహార్ పిల్లలు వచ్చారు, నలుగురు, పెద్దవాడికి ఇరవై రెండు ఉంటాయి. వాళ్ళ గదిలోకి ఒకసారి పోయాను. తాడు మీద బట్టలు, మూలకు స్టవ్వు, గోడకు పిల్లల ఫొటో. నాకు కాళ్ళు కదల్లేదు. నేను వచ్చేసిన గదిని మన ఊళ్ళోనే మళ్ళీ చూశాను. దుబాయ్‌లో నేర్చుకున్న హిందీలో ఇంటికి ఎంత పంపుతున్నావని అడిగాను, ఎప్పుడు పోతావని మాత్రం అడగలేదు. ఆదివారం ఆదివారం మీ అమ్మ వాళ్ళకు కూర పంపుతోంది.

ఇప్పుడు నీ సంగతి. పో బిడ్డా. నేను ఆపను. నీకు చదువుంది, చేతిలో పనుంది, నా పాస్‌పోర్టు మీద పది పాస్ కానివాళ్ళకు వేసే ముద్ర ఉండేది, నీకు అది లేదు. కానీ మా కోసం పోతున్నా అంటే మాత్రం ఒప్పుకోను. మీ తమ్ముడి చదువు, ఇంటి ఖర్చు, నా మందులు, ఇవేవీ నీ నెత్తిన లేవు, పసుపు ఉంది, మేమిద్దరం ఉన్నాం. నువ్వు నీ స్నేహితురాలితో "మా బాపు నా కోసం జీవితం ధారపోసిండు" అన్నావని మీ అమ్మ చెప్పింది. నేను ధారపోసింది నీ కోసమే అయితే నీ ఫీజు పక్కన నా డబ్బు ఉండేది కదా. ఆ బరువు దించేసుకో. నువ్వు నాకు ఏమీ బాకీ లేవు.

పోవాలంటే బయటి దేశాల ఉద్యోగాలకు పంపే మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ దగ్గర కూడా అడుగు, వాళ్ళూ నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతున్నారు. ఎవరి ద్వారా పోయినా మిత్తికి ఒక్క రూపాయి తేవద్దు. అక్కడ మన నర్సింగ్‌కు గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి జీతమే ఇస్తారని విన్నాను, ఆ జీతం ఎంత, ఎన్ని నెలలు, గది కిరాయి ఎవరు కట్టాలి, మధ్యలో మానేస్తే తిరిగి ఎంత కట్టమంటారు, ఇంట్లో ఎవరికన్నా బాగాలేకపోతే సెలవు ఇస్తారా, ఇవి కాగితం మీద ఉండాలి, నోటిమాట వద్దు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు.

వాళ్ళు ఇచ్చే ఒప్పందం కాగితం ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు. జర్మన్‌లో ఉంటే తెలుగులో రాయించి పంపు, ఎన్ని రోజులు పట్టినా సరే. నేను నిదానంగా చదువుతాను, మీ అమ్మకు కూడా చదివి వినిపిస్తాను. మేం ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకు.

మీ బాపు