మోడు కింద వేరు

చిన్నతల్లీ,

కిందటేడు మీ వాలంటీర్లంతా కలిసి కొండ మీద నాటిన మొక్కల్లో చాలావరకు ఈ ఎండలకు చచ్చిపోయాయని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. మొక్కలు పోయాయని బాధపడటం సహజమే. ఆ తర్వాత నువ్వన్న మాటే నన్ను వదలడం లేదు. "ఎలాగూ అంతా అయిపోయింది కదా నాన్నా, ఇంకా ఈ గుంతలు తవ్వడం ఎందుకు?" అన్నావు. దానికి ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పేసి ఊరుకోలేను. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

పరిస్థితి బాగానే ఉందని నేను చెప్పబోవడం లేదు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు అది పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత, 19వ శతాబ్దం రెండో సగంలో ఉన్నదానికంటే సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ. నువ్వు ఈ లెక్కలన్నీ చదివే ఉంటావు. ఇవి చదివి దిగులుపడే మనిషంటే నాకు గౌరవం. ఆ దిగులు నీకు ఉండకూడదని నేను కోరుకోను.

కానీ "అయిపోయింది" అన్న మాట మాత్రం ఒప్పుకోను. నీకు ధైర్యం చెప్పాలని ఇలా అనడం లేదు, ఆ మాట నిజం కాదు కాబట్టి అంటున్నాను.

చాలామంది అనుకునేదేమిటంటే, మనం ఈరోజు పొగ ఆపేసినా భూమి ఇంకా దశాబ్దాల పాటు అలా వేడెక్కుతూనే పోతుందని. శాస్త్రవేత్తల అంచనా అలా లేదు. కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు నికరంగా సున్నాకు చేరితే, అంటే మనం గాలిలోకి వదిలేదీ తిరిగి తీసేసేదీ సమానమైతే, దానివల్ల పెరిగే ఉష్ణోగ్రత కూడా కొన్నేళ్ళలోనే దాదాపు ఆగిపోతుంది. అప్పటిదాకా పెరిగిన వేడి వెంటనే తగ్గదు. సముద్రమట్టం చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, మంచు కరుగుతూనే ఉంటుంది. అవన్నీ నిజమే. కానీ వేడి ఎక్కడ ఆగాలన్నది ఇంకా మనుషుల చేతుల్లోనే ఉంది.

ఇంకోటి. ఒకటిన్నర డిగ్రీ అనేది ఒక అంచు, దాన్ని దాటితే ఇక అగాధమే అన్నట్టు వార్తల్లో మాట్లాడతారు. 2018లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం, ఇచ్చిన నివేదిక చూడు. ఒకటిన్నర డిగ్రీ దగ్గర ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం దెబ్బతింటాయని, రెండు డిగ్రీల దగ్గర 99 శాతానికి పైగా పోతాయని అందులో చెప్పారు. రెండూ గుండె తరుక్కుపోయే అంకెలే. అయినా ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలో ఎన్ని చేపలు, ఎన్ని తీరాలు, ఎంతమంది జాలర్ల బతుకులు ఉన్నాయో ఆలోచించు. 1.5 దాటితే 1.6 దగ్గర ఆపడానికి పనిచేయాలి. అదీ దాటితే 1.7. డిగ్రీలో పదో వంతు కోసం కూడా పనిచేయవచ్చు అని తెలిసిన రోజు నుంచి నేను "ఇంకా టైముందా, లేదా" అని ఎవరినీ అడగడం మానేశాను.

రాబోయే వేడి అంచనా ఇప్పటికే కొంత తగ్గింది కూడా. భూమి వేడిని అదుపు చేయాలని 2015లో దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందానికి ముందు, ఈ శతాబ్దం చివరికి దాదాపు నాలుగు డిగ్రీల వైపు వెళ్తున్నామని అంచనాలుండేవి. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలతో లెక్కేస్తే అది మూడు డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చింది. మూడు డిగ్రీలు కూడా భరించలేనివే, నాకు తెలుసు. కానీ ఆ తగ్గిన డిగ్రీ దానంతటది తగ్గలేదు. 2010 నుంచి 2019 లోపు సౌర విద్యుత్తు ఖర్చు సుమారు 85 శాతం పడిపోయిందంటే దాని వెనక ఎందరో ఇంజనీర్లు, కార్మికులు, చట్టాలు రాసినవాళ్ళు ఉన్నారు. బ్రిటన్‌లో 1882లో మొదలైన బొగ్గు విద్యుత్తు 2024 సెప్టెంబర్ 30న ఆగిపోయింది. 2012 నాటికి కూడా ఆ దేశం కరెంటులో సుమారు 40 శాతం బొగ్గు నుంచే వచ్చేది. పన్నెండేళ్ళు, అంతే! ఓజోన్ పొర సంగతి నీకు బళ్ళోనే చెప్పి ఉంటారు. 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని, ఆ పొరను తినేసే వాయువులను ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి, ఇప్పుడా పొర మెల్లగా కోలుకుంటోంది. ఆ ఒప్పందంతో ఆగిన వాయువులు భూమిని వేడెక్కించేవి కూడా. అంటే ఒక పని చేస్తే రెండు ఫలితాలు దక్కాయన్నమాట.

సరే, ఇక మీ మొక్కల దగ్గరికి వస్తాను. నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే.

పశ్చిమ ఆఫ్రికాలో, సహారా ఎడారి అంచున నైజర్ అనే దేశం ఉంది. 1980ల మొదట్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు అక్కడి మరాడి ప్రాంతంలో చెట్లు పెంచే పనికి వెళ్ళాడు. మీలాగే నర్సరీలో మొక్కలు పెంచి, తీసుకెళ్ళి నాటించాడు. మీకు జరిగిందే ఆయనకూ జరిగింది. ఎండకు కొన్ని, ఇసుక గాలులకు కొన్ని, మేకల నోట పడి కొన్ని, చాలావరకు చచ్చిపోయాయి. అక్కడి రైతులకు కూడా విసుగొచ్చింది. 1983లో ఒకరోజు వెళ్తూ వెళ్తూ, ఇసుక దారిలో బండి దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించడానికి ఆగాడు. కనుచూపు మేర బోడి నేల. దారి పక్కన ఒక చిన్న పొద కనిపిస్తే దగ్గరికి వెళ్ళి ఆకులు పరీక్షగా చూశాడు. తీరా చూస్తే అది పొద కాదు, ఎప్పుడో నరికేసిన చెట్టు మోడు నుంచి వచ్చిన పిలకలు.

అలాంటి పొదలు ఆ నేలంతటా ఉన్నాయి. చెట్లన్నీ పోయాయనుకున్న చోట నేల కింద వేళ్ళు బతికే ఉన్నాయి. ప్రతి ఏడూ పిలకలు వేస్తున్నాయి, ప్రతి ఏడూ పొలం చదును చేసేటప్పుడు వాటిని నరికేస్తున్నారు, కాల్చేస్తున్నారు. నాటిన మొక్క నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి కిందికి దిగాలి. మోడుకైతే ఆ వేరు ముందే లోతుకు దిగి ఉంది. అందుకని కొత్త మొక్కలు తేవడం కంటే, ఉన్న పిలకల్లో బలమైనవి కొన్ని ఉంచి, మిగతావి కోసేసి, పశువుల నుంచి కాపాడితే చాలని ఆయన రైతులకు చెప్పాడు. మొదట్లో కొందరే విన్నారు. పొలంలో చెట్టు ఉంటే ప్రభుత్వానిదవుతుందన్న భయం రైతుల్లో ఉన్నంతకాలం ఆ పని జోరందుకోలేదు. ఆ పట్టు సడలి, నా చెట్టు నాదే అన్న నమ్మకం కుదిరాక ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. గాలికి కొట్టుకుపోయే విత్తనాలు నిలిచాయి, వంటచెరకు దొరికింది, పశువులకు మేత దొరికింది. సుమారు ఇరవై ఏళ్ళలో నైజర్‌లో 50 లక్షల హెక్టార్ల నేల మీద చెట్లు తిరిగొచ్చాయి. రినాడోకు 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు. ఆ చెట్లను కాపాడింది మాత్రం పేరు కూడా ఎవరికీ తెలియని లక్షల మంది రైతులు.

ఇది నీకు ఓదార్పు కోసం చెప్పలేదు. మొక్కలు చచ్చిపోవడం కూడా ఒక సమాచారమే, దాన్ని చదవడం నేర్చుకోవాలి. మీ బృందం మళ్ళీ ఆ కొండకు వెళ్ళేముందు కొన్ని ప్రశ్నలు అడుగు. అక్కడ పాత మోళ్ళు ఉన్నాయా? పిలకలు వేస్తున్నాయా? వాటిని మేపేదెవరు, తగలబెట్టేదెవరు? ఆ వాలు అసలు ఎప్పుడైనా అడవిగా ఉండేదా, లేక మొదటి నుంచీ గడ్డినేలేనా? సహజమైన గడ్డిమైదానంలో చెట్లు నాటితే మేలు కంటే కీడే ఎక్కువ. అక్కడ గడ్డిని, దాని మీద బతికే పిట్టలను కాపాడటమే సరైన పని. నాటినరోజు ఫోటోలు అందరూ తీస్తారు. రెండో ఏడు, మూడో ఏడు వెళ్ళి ఎన్ని బతికాయో లెక్కపెట్టేవాళ్ళు కావాలి. నువ్వు ఆ లెక్కపెట్టే మనిషివైతే నాకు చాలా గర్వంగా ఉంటుంది.

అడవిని కమ్మేసే లాంటానా పొదలను పీకే పని కూడా మీకు ఉంటుందన్నావు. అది బోరు కొట్టే పని అని చాలామంది తప్పించుకుంటారు గానీ, నన్నడిగితే మొక్కలు నాటడం కంటే అదే ముందు జరగాలి. పైపైన నరికితే రెట్టింపు గుబురుగా వస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, కాయలు పండకముందు, వేరు మొదలుతో సహా తీయాలి. పండాక తీస్తే పిట్టలు ఆ గింజలను ఇంకో చోటికి చేరవేసేస్తాయి. ఒకసారి తీసిన చోటికే మళ్ళీ మళ్ళీ కొన్నేళ్ళ పాటు వెళ్ళాలి. ఒక చిన్న ముక్క నేలను ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉండండి.

నోట్‌బుక్ మాత్రం ఆపకు. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఏ పిట్ట ఏ తేదీన మొదట కనిపించింది అని నువ్వు రాసుకునేవి ఇప్పుడు చిన్న విషయాల్లా కనిపిస్తాయి. జపాన్‌లోని క్యోటోలో చెర్రీపూలు ఎప్పుడు విరగబూశాయో 9వ శతాబ్దం నుంచి రాతల్లో దొరుకుతోంది. 2021లో మార్చి 26కే పూశాయి, అప్పటిదాకా ఆ పన్నెండు వందల ఏళ్ళలో అంత ముందుగా ఎప్పుడూ పూయలేదు. ఆ సంగతి ఈరోజు మనకు తెలిసిందంటే, ఎప్పుడో ఎవరో పూలు చూడటానికి వెళ్ళి ఆ తేదీ రాసిపెట్టారు కాబట్టే. నువ్వు చలికాలం రాత్రుళ్ళు తాబేళ్ళ తీరంలో కాపలా ఉన్నావు కదా, అక్కడ కొలిచే ఇసుక వేడి కూడా అలాంటిదే. గుడ్ల చుట్టూ ఇసుక వేడెక్కేకొద్దీ గుడ్లలోంచి వచ్చే పిల్లల్లో ఆడవి పెరుగుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో ఎదిగే వయసు పచ్చతాబేళ్ళలో 99 శాతం ఆడవేనని 2018లో తేలింది. కొన్ని తీరాల్లో ఇప్పుడు గూళ్ళ మీద నీడ ఏర్పాటు చేస్తున్నారు. ఎవరూ కొలవకపోతే నీడ వేయాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

అయితే ప్రతి వారాంతం పనికే వెళ్ళకు తల్లీ. ఏ పనీ పెట్టుకోకుండా కూడా కొండెక్కు, ఈదు, ఆరుబయట పడుకుని నక్షత్రాలు చూడు. ఫోన్‌లో ఒక్క పూటలో భూమ్మీద కాలిపోతున్న అడవులన్నీ కళ్ళ ముందుకొస్తాయి, వాటిలో ఒక్కదాని దగ్గరికీ నువ్వు వెళ్ళలేవు. అందులోంచి వచ్చే టెన్షన్‌కు అంతుండదు. నడిచేటప్పుడు ముందున్న రాయి, పైనున్న మబ్బు, పక్కనున్న స్నేహితురాలు మాత్రమే ఉంటారు. ఆ కాసేపు నువ్వు బాధ్యత నుంచి పారిపోయినట్టు కాదు. ఆ సంతోషం లేనివాళ్ళు ఈ పనిలో ఎక్కువకాలం నిలవడం నేను చూడలేదు. విమానమెక్కి వెళ్ళే మంచుకొండలే సాహసం అనుకోకు. రైల్లోనో బస్సులోనో చేరుకోగలిగిన కొండల్లో నువ్వు ఎక్కనివి బోలెడున్నాయి.

ఇంకో సంగతి మనసులో పెట్టుకో. వాలంటీర్లు ఎన్ని మొక్కలు పెంచినా, తవ్వి తగలేసే బొగ్గుకు అవి బదులు కావు. మీ పని అడవికి, తీరానికి, నీటికి కావాలి. పొగ తగ్గడానికి మాత్రం చట్టాలు మారాలి, కరెంటు వచ్చే దారి మారాలి. నీకు ఓటు వయసొచ్చింది. అడిగేవాళ్ళ గుంపులో నీ గొంతు కూడా ఉండాలి. రెండూ నువ్వొక్కదానివే మొయ్యాలని అనుకోకు. అలసిపోయినప్పుడు ఒక నెల మానేసినా ఫరవాలేదు, నీ వంతు పని ఇంకొకరు అందుకుంటారు. తర్వాత నువ్వు వెళ్ళి వాళ్ళ వంతు అందుకో.

వచ్చే వారం శిఖరం దాకా వెళ్తున్నామన్నావు. ఏ దారిన ఎక్కుతున్నారో, ఎన్నింటికల్లా కిందికి వస్తారో మీ అమ్మకూ నాకూ ఇద్దరికీ మెసేజ్ పెట్టు. వెనక్కి తిరగాల్సిన టైం ముందే అనుకోండి. ఆ టైం అయిందంటే శిఖరం కళ్ళెదురుగా ఉన్నా సరే తిరిగిపోవాలి, దిగేటప్పుడే కాళ్ళు అలసి జారేది. మెరుపు కనిపించాక ముప్పై సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. వెంటనే ఎత్తు నుంచి దిగండి, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి గానీ కదలొద్దు. నీళ్ళు అవసరమనుకున్నదానికంటే ఎక్కువే పెట్టుకో.

లాంటానా పీకే రోజులు ఖాయమయ్యాక తేదీలు చెప్పు. సెలవు పెట్టుకుని నేనూ వస్తాను. మందపాటి గ్లౌజులు నా దగ్గర లేవు, అక్కడ దొరుకుతాయా, నేనే కొనుక్కురావాలా అన్నది మీ బృందంలో కనుక్కో.

ప్రేమతో,
నాన్న